సుభాష్ ముఖోపాధ్యాయ

సుభాష్ ముఖోపాధ్యాయ (జనవరి 16, 1931 - జూన్ 19, 1981) భారతదేశంలో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు జననానికి కారకుడైన వైద్య శాస్త్రవేత్త. మానవ పిండాన్ని అతిశీతల స్థితిలో నిలువచేసి, దాని ద్వారా శిశు జననాన్ని సాధించిన మొదటి వ్యక్తిగా ఈయనను పేర్కొంటారు. జీవించి ఉన్న కాలంలో ఈయన కృషికి గుర్తింపు లభించలేదు.

విద్యాభ్యాసం

ఈయన నేటి జార్ఖండ్ రాష్ట్రంలోని హజారీబాగ్‌లో జన్మించాడు. కలకత్తా నేషనల్ మెడికల్ కాలేజీలో 1955లో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేశాడు. పునరుత్పత్తి శాస్త్ర పరిశోధనలకు 1958లో కలకత్తా, 1967లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల నుండి డాక్టరేట్లు పొందాడు.

పరిశోధన

సునీత్ ముఖర్జీ, సరోజ్ కాంతి భట్టాచార్య ఈయన సహచరులు. ఈ బృందం హార్మోన్లనిచ్చి ఒకేసారి పలు అండాలు పరిపక్వమయ్యేటట్లు చేసింది. అయితే హార్మోన్ల ప్రభావంలో ఉన్న గర్భాశయం పిండాన్ని నిలుపుకొనుటకు అంత అనుకూలం కాదని భావించి, మరొక సహజ ఋతుచక్రం వరకు పిండాన్ని శీతలీకరించి ఉంచారు.

జీవకణంలో అధికభాగం నీరే. అది గడ్డకట్టినపుడు ఏర్పడే మంచు స్ఫటికాలు కణాన్ని దెబ్బతీస్తాయి. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే రసాయనం ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. దీని సహాయంతో పిండాన్ని 53 రోజులు భద్రపరచి తల్లి గర్భంలో ప్రవేశపెట్టారు. 1978 అక్టోబర్ 3న దుర్గ అనే ఆడశిశువు జన్మించింది. అదే సంవత్సరం జూలై 25న ఇంగ్లండులో జన్మించిన లూయిస్ బ్రౌన్ విషయంలో శీతలీకరణ జరుగలేదు.

కొద్ది కణాలు గల పిండానికి సాధ్యమైన ఈ ప్రక్రియ పూర్తి దేహానికి సాధ్యపడలేదు. 1967లో అమెరికాలో మరణానంతరం శీతలీకరించిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ మొదలు నేటివరకు అట్లా భద్రపరచిన వారెవరూ పునర్జీవితులు కాలేదు.

తిరస్కరణ, మరణం

1978 నవంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఈయన వాదనను తిరస్కరించింది. ఆ సంఘానికి అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రవేత్త. 1979లో జపానులో తన పరిశోధనను వివరించడానికి ఈయనకు అనుమతి లభించలేదు. 1981లో తన పరిశోధనతో సంబంధం లేని నేత్రవైద్య సంస్థకు బదిలీ చేశారు. అదే సంవత్సరం జూన్ 19న ఈయన కలకత్తాలో ఆత్మహత్య చేసుకున్నాడు.

మరణానంతర గుర్తింపు

శీతలీకరించిన పిండం నుండి ఆస్ట్రేలియాలో 1984లో శిశువు జన్మించగా, ప్రపంచం దానినే మొదటిదిగా భావించింది. 1986లో బొంబాయిలో జన్మించిన హర్ష చాలాకాలం దేశంలో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువుగా ప్రసిద్ధి పొందింది. ఆ జననానికి కారకులలో ఒకడైన టి.సి. ఆనంద్ కుమార్ 1997లో ముఖోపాధ్యాయ పత్రాలను పరిశీలించి, ఆ ఘనత ముఖోపాధ్యాయకే చెందుతుందని ప్రకటించాడు. అనంతరం భారత వైద్య పరిశోధన మండలి కూడా ఈయన కృషిని గుర్తించింది. ఈయన జీవితం ఆధారంగా తపన్ సిన్హా 1990లో ఏక్ డాక్టర్ కీ మౌత్ అనే హిందీ చిత్రానికి దర్శకత్వం వహించాడు.