కాకినాడకు దేహం రాసిచ్చిన హాల్డేన్

మనామాలో యాభై దాటిన మనవాళ్లు మోకాళ్ల నొప్పులనో, ఒంట్లో బాగాలేదనో ఆసుపత్రికి వెళితే రక్తపరీక్ష రిపోర్టులో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అని రెండు పేర్లు కనబడుతుంటాయి. ఒంట్లో ఎక్కడైనా వాపు రగులుతోందా అని చెప్పే గుర్తులివి. సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రొటీన్. దెబ్బ తగిలినా, క్రిములు చేరినా గంటల్లో పెరుగుతుంది, బాధ తగ్గాక దిగిపోతుంది. వయసు మళ్లినవారిలో మాత్రం పైకి ఏ జబ్బూ లేకుండానే కాస్త ఎక్కువగా ఉండిపోవడం మామూలే. ఒకే క్యాంపులో పడుకుని, ఒకే మెస్సులో తిని, ఒకే ఎండలో పనిచేసిన ఇద్దరిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకు? బరువు, సిగరెట్టు, నిద్ర... ఇవన్నీ కారణాలే. కానీ కవలలనూ కుటుంబాలనూ పరిశీలించి చూస్తే, మనిషికీ మనిషికీ ఉండే తేడాలో మూడో వంతు నుంచి సగం దాకా జన్యువుల వల్లేనని తేలింది.

మరి ముసలితనంలో బాధపెట్టే జన్యువులు తరతరాలుగా పోకుండా ఎందుకు మిగిలాయి? ఈ ప్రశ్నకు దారి చూపిన వారిలో మొదటి వరసలో ఉండే పేరు జె.బి.ఎస్.హాల్డేన్. ఇంగ్లండులో పుట్టి, మన దేశ పౌరుడై, చివరికి కాకినాడ చేరిన మనిషి.

1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద పనిచేసిన పెద్ద శాస్త్రవేత్త. గనుల్లో విషవాయువుల మీద ప్రయోగాలకు కొడుకునూ వెంట తీసుకుపోయేవారు. సముద్రంలో దిగేవారు ప్రాణాపాయం లేకుండా పైకి రావడానికి లెక్కలు కట్టిందీ ఆ తండ్రే. కొడుకు ఇంకో అడుగు ముందుకేసి పీడనపు గదుల్లో తనే కూర్చుని ప్రయోగాలు చేసుకున్నారు. కర్ణభేరికి చిల్లు పడింది, వెన్నుపూస దెబ్బతింది. బహ్రెయిన్‌లో ముత్యాల కోసం మునిగినవాళ్ల చెవులకు పట్టిన గతే ఈయనకూ పట్టింది. కాకపోతే వాళ్లది కూటి కోసం, ఈయనది తెలుసుకోవాలనే పిచ్చి.

ఇంత పేరున్న శాస్త్రవేత్తకు సైన్సులో డిగ్రీ లేదంటే నమ్మబుద్ధి కాదు. చదివింది గణితం, గ్రీకు, లాటిన్. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో ఒకసారి, ఇరాక్‌లో ఒకసారి గాయపడ్డారు. రెండోసారి చికిత్సకని పంపింది భారతదేశానికే. అలా మన దేశాన్ని మొదటిసారి చూశారు. యుద్ధం తర్వాత కేంబ్రిడ్జి, ఆపైన లండన్ యూనివర్సిటీ కాలేజీ. పరిణామ సిద్ధాంతాన్ని లెక్కల్లో పెట్టిన ముగ్గురు నలుగురిలో ఈయన ఒకరు. కమ్యూనిస్టు పార్టీలో చాలాకాలం ఉన్నారు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో జన్యుశాస్త్రాన్ని అణచివేస్తుంటే గట్టిగా నోరు విప్పకపోవడం మాత్రం ఆయన జీవితంలో మచ్చే.

1941లో వచ్చిన ఒక పుస్తకంలో హాల్డేన్ హంటింగ్టన్ జబ్బు గురించి రాశారు. ఇది వంశంలో వచ్చేది, కానీ చాలామందిలో ముప్పై, నలభై ఏళ్లు దాటాకే బయటపడుతుంది. అప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటారు, జన్యువు వాళ్లకు చేరిపోయి ఉంటుంది. కాబట్టి ప్రకృతి దాన్ని ఏరి పారేయలేదు. చిన్న మాటలా ఉంటుంది గానీ, మనిషికి ముసలితనం ఎందుకొస్తుందనే దానికి ఆ తర్వాత వచ్చిన సిద్ధాంతాలకు ఇదే పునాది. 1957లో అమెరికన్ శాస్త్రవేత్త జార్జి విలియమ్స్ మరో మాట కలిపారు. వయసులో మేలు చేసిన జన్యువే ముసలితనంలో కీడు చేయొచ్చు అని.

జన్యువు ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ కూడా హాల్డేన్ నుంచే వచ్చింది. 1948లో స్టాక్‌హోంలో జరిగిన సభలో ఆయన తలసీమియా గురించి మాట్లాడుతూ, ఆ జన్యువు ఒకటే ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉండి ఉంటుందని ఊహించారు. 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో అదే నిజమని చూపారు.

ఇది బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లకు కొత్త సంగతి కాదు. సికిల్ సెల్ ఇక్కడ ఇంటింటి మాట. 1980లలో పుట్టిన పిల్లల్లో సుమారు నూటికి ఇద్దరికి ఈ జబ్బు ఉండేది. ఈ రోగుల రక్తంలో వాపు గుర్తులు సాధారణంగా ఎక్కువగానే ఉంటాయి. మలేరియా స్థానికంగా పోయి దశాబ్దాలైనా జన్యువు పోలేదు. డాక్టర్ షేఖా అల్ అరయ్యద్ వంటివారు ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. 2004లో పెళ్లికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఇంకో విశేషం, ఇక్కడి సికిల్ జన్యువూ మన దేశంలో గిరిజనుల్లో కనిపించే జన్యువూ ఒకే రకానివి. శాస్త్రవేత్తలు దానికి అరబ్-ఇండియన్ రకం అనే పేరు పెట్టారు. మనం వీసా మీద రాకముందెప్పుడో ఈ రెండు తీరాలకూ రక్తసంబంధం ఉందన్నమాట!

వాపు సంగతీ ఇలాంటిదేనని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. పసితనంలో అంటురోగాలను తట్టుకోవడానికి ఒళ్లు గట్టిగా మండాలి. అలా మండించే జన్యువులున్న పిల్లలే బతికి బట్టకట్టారు. అరవైలో ఆ మంట ఆరకపోతే కీళ్లకు, రక్తనాళాలకు చేటు. అయితే రిపోర్టు చూసి బెంబేలు పడక్కర్లేదు. పుట్టుకతోనే సీఆర్‌పీ ఎక్కువగా ఉండేలా జన్యువులున్నవారికి గుండెజబ్బు ఎక్కువ వస్తుందా అని దాదాపు 2 లక్షల మంది సమాచారంతో చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితం, రాదనే చెప్పింది. అంటే సీఆర్‌పీ పొగ మాత్రమే, నిప్పు వేరేచోట ఉంది.

1957లో హాల్డేన్ లండన్ వదిలేశారు. సూయజ్ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసన అని చెప్పుకున్నారు. భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తా వచ్చి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. మన బట్టలు కట్టారు, మాంసం మానేశారు. అక్కడ ఆయన దగ్గర చేరిన కుర్రాడే పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు. గురువు ప్రోత్సాహంతో ఆంధ్రలో మేనరికాల మీద పరిశోధన చేశారు. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు ఏదైనా జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1 వంతు, మేనబావ అయితే 16లో 1 వంతు. చెవుల మీద వెంట్రుకలు మొలవడం గురించి కూడా ద్రోణంరాజు రాశారు. అది కూడా వయసు మళ్లాకే కనబడే లక్షణం కదా. తండ్రి నుంచి కొడుకుకే వస్తుందని అప్పట్లో అనుకున్నారు గానీ, 2004లో దక్షిణ భారతంలో జరిగిన పరిశోధన కాదని తేల్చింది.

సంస్థతో పడక హాల్డేన్ 1961లో రాజీనామా చేశారు. 1962లో బిజూ పట్నాయక్ ఆదరణతో భువనేశ్వర్‌లో ప్రయోగశాల పెట్టుకున్నారు. అంతలోనే పెద్దపేగు చివర క్యాన్సరు. 1964లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆసుపత్రి మంచం మీదే ఆ జబ్బు మీద హాస్య కవిత రాసి అచ్చు వేయించారు. తిరిగి వచ్చి డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. అప్పటికి 72 ఏళ్లు.

తన శరీరాన్ని తగలబెట్టకుండా వైద్యవిద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసిపెట్టుకున్నారు. అలా ఆ దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. కాలేజీ అప్పటికి చాలా కొత్తది. ద్రోణంరాజు ఊరు పిఠాపురం అక్కడికి కూతవేటు దూరమే.