నిప్పును చదివిన కల్పనా చావ్లా

సూర్యాపేట హాస్టల్‌లో నేను పదో తరగతి చదివేటప్పుడు గాలివానకు కరెంటు పోతే అందరం కొవ్వొత్తి చుట్టూ చేరేవాళ్లం. ఆ మంట పైకి కోసుగా ఎందుకుంటుందో ఏనాడూ ఆలోచించలేదు. అంతరిక్షంలో మంట ఎలా ఉంటుందో పరిశీలించిన బృందంలో మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లా ఒకరు.

ఆమె 1962 మార్చి 17న హర్యానాలోని కర్నాల్‌లో పుట్టారు. 1982లో చండీగఢ్‌లో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి అమెరికా వెళ్లారు. 1988లో కొలరాడో విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. పొందారు. 1994 డిసెంబరులో నాసా ఆమెను వ్యోమగామిగా ఎంపిక చేసింది. 1997లో కొలంబియా నౌకలో తొలిసారి అంతరిక్షానికి వెళ్లారు. అప్పుడు రోబో చేయితో ఆమె వదిలిన ఉపగ్రహం పనిచేయలేదు. నింద ఆమెపై పడింది. సాఫ్ట్‌వేర్‌లోనూ, పని పద్ధతుల్లోనూ లోపాలున్నాయని విచారణలో తేలింది. ఆమె కుంగిపోకుండా మళ్లీ శిక్షణలో దిగారు.

వ్యోమగాములకు నిప్పంటే ఎందుకంత భయం? 1967 జనవరి 27న అపోలో నౌకలో నేలమీదే రిహార్సల్ చేస్తుండగా మంటలు లేచాయి. లోపలంతా ఆక్సిజనే. తలుపు లోపలికి తెరుచుకునేది కావడంతో ముగ్గురూ బయటపడలేకపోయారు.

2003 జనవరి 16న కల్పనతో కలిపి ఏడుగురు కొలంబియాలో వెళ్లారు. రెండు షిఫ్టుల్లో రాత్రింబవళ్లు సుమారు 80 ప్రయోగాలు చేశారు. భూమిమీద వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి మంట కోసుగా ఉంటుంది. అక్కడ అలా లేవదు. మంట గుండ్రంగా, నీలంగా ఉంటుంది. పొగ కూడా పైకి పోదు. అందుకే నిప్పును కనిపెట్టడం, ఆర్పడం కొత్తగా నేర్చుకోవాలి. మంచులాంటి సన్నని నీటి తుంపరలు మంటను ఎలా ఆర్పుతాయో కూడా ఆ బృందం పరీక్షించింది.

నౌక బయలుదేరేటప్పుడు ఒక నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ఇంజనీర్లు మర్నాడే వీడియోలో చూశారు. ప్రమాదమేమీ లేదని పైవాళ్లు వదిలేశారు. ఫిబ్రవరి 1న, దిగడానికి 16 నిమిషాల ముందు, ఆ దెబ్బ తగిలినచోట మండే గాలి దూరి నౌక ముక్కలైంది. ఏడుగురూ మరణించారు. అప్పటికే భూమికి పంపిన ప్రయోగ ఫలితాలు మాత్రం మిగిలాయి. 2002లో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన మెట్‌శాట్‌కు కల్పన-1 అని పేరు పెట్టారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్ల చెల్లెళ్లకు నాదొకటే మాట. స్విచ్‌బోర్డులో నిప్పురవ్వ కనిపించినా, వంటగదిలో గ్యాస్ వాసన వచ్చినా ఏం కాదులే అనుకోకండి. వెంటనే వార్డెన్ మేడమ్‌కు చెప్పండి. వినకపోతే మళ్లీ చెప్పండి.

– పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ ఫిజిక్స్