రాత్రిపూట చదువు – బేగం రొకేయా

ఈ పాఠంలో

వేసవి సెలవులు రాగానే బడి తలుపులు మూసుకుంటాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేతిలో అప్పుడు పుస్తకం ఉంటుందా, ఉండదా అన్నది ఇంటివారి మీద ఆధారపడి ఉంటుంది. ఆ వయసులో అసలు బడి ముఖమే చూడని ఒక బాలిక ఇంట్లోనే ఎలా చదువుకుందో, ఆ చదువు ఎందరికి దారి చూపిందో ఇప్పుడు మీరు తెలుసుకుంటారు.

బాల్యం

బేగం రొకేయా 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్ గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేటి బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జమీందారు, అనేక భాషలు తెలిసిన పండితుడు. ఆయన కొడుకులను కలకత్తాకు పంపి చదివించారు. కూతుళ్లకు మాత్రం ఖురాన్ పఠనం, కొద్దిగా ఉర్దూ చాలనుకున్నారు. ఆ ప్రాంతపు భాష బెంగాలీ. అయినా ఆడపిల్లలు దాన్ని గాని, ఇంగ్లీషు గాని నేర్చుకోవడానికి వీల్లేదు. ఐదేళ్లు నిండగానే రొకేయా పరదాలోకి వెళ్లవలసి వచ్చింది. ఇంటికి వచ్చే పరాయి స్త్రీలకు కూడా కనిపించకూడదు.

అలాంటి ఇంట్లో ఇద్దరు ఆమెకు గురువులయ్యారు. అక్క కరీమున్నీసా బెంగాలీ నేర్పారు. పెద్దన్న ఇబ్రహీం ఇంగ్లీషు నేర్పారు. రాత్రి తండ్రి నిద్రపోయాక అన్న దీపం ముందు పుస్తకం తెరిచేవారు, చెల్లెలు పక్కన కూర్చునేది. పట్టుబడితే ఇద్దరికీ చీవాట్లు తప్పవు. ఎవరూ పరీక్ష పెట్టలేదు, ఎవరూ మార్కులు వేయలేదు. ఆ రాత్రులే ఆమెకు బడి అయ్యాయి.

రచయిత్రిగా

రొకేయా భర్త సఖావత్ హుసేన్ భాగల్పూర్‌లో ప్రభుత్వాధికారి. ఆయన భార్య చదువును ప్రోత్సహించారు. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు ఆమె ఇంగ్లీషులో ఒక కథ రాశారు. ఆ కథలో స్త్రీలు రాజ్యం ఏలుతారు, పురుషులు ఇంట్లో ఉంటారు. 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఆ కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే స్త్రీల పత్రికలో అచ్చయింది. రాత్రిపూట దొంగచాటుగా నేర్చిన భాష ఆమెను దేశం ఆ చివరనున్న పాఠకులకు పరిచయం చేసింది.

బడి స్థాపన

1909లో భర్త మరణించారు. ఆడపిల్లల బడి కోసం ఆయన కేటాయించిన సొమ్ముతో ఆమె అదే ఏడాది భాగల్పూర్‌లో పాఠశాల తెరిచారు. విద్యార్థినులు ఐదుగురే. కుటుంబ తగాదాల వల్ల ఆ ఊరు విడిచి, 1911లో కలకత్తాలో ఎనిమిది మందితో మళ్లీ మొదలుపెట్టారు.

ఆమె ఎన్నడూ బడికి వెళ్లినవారు కారు. అందువల్ల నగరంలోని ఇతర బాలికల పాఠశాలలకు వెళ్లి, తరగతి ఎలా నడపాలో చూసి నేర్చుకున్నారు. ఇంటింటికీ తిరిగి, తమ కూతుళ్లను పంపమని తల్లిదండ్రులను ఒప్పించారు.

పిల్లలను తెచ్చే మోటారు బస్సు మరో చిక్కు తెచ్చింది. పరదా కోసం దాన్ని అన్నివైపులా మూసేశారు. లోపల చీకటికి, ఉక్కకు పిల్లలు వాంతులు చేసుకున్నారు, కొందరు స్పృహ తప్పారు. గాలి కోసం మూతలు తీసి తెరలు కట్టిస్తే, పరదా పోయిందని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. పరదా తీస్తే తల్లిదండ్రులు పిల్లలను మాన్పిస్తారు, మూస్తే పిల్లల ఆరోగ్యం చెడుతుంది. ఆ రెంటి మధ్య నలిగిపోతూ కూడా ఆమె బడి మూయలేదు. ఈ సంఘటనను తరువాత తానే గ్రంథస్థం చేశారు.

చివరి రోజులు

రొకేయా 1932 డిసెంబరు 9న మరణించారు. స్త్రీల హక్కుల గురించి రాస్తున్న వ్యాసం అసంపూర్తిగా మిగిలిపోయింది. ఆమె స్థాపించిన బడి మాత్రం సఖావత్ మెమోరియల్ పేరుతో కలకత్తాలో నిలిచింది. బంగ్లాదేశ్‌లో డిసెంబరు 9ని రొకేయా దినంగా పాటిస్తారు.

ఆలోచించండి

1. రొకేయా చదువుకు ఇంట్లో ఎవరు, ఎలా తోడ్పడ్డారు?
2. బస్సు విషయంలో ఆమెకు ఎదురైన చిక్కు ఏమిటి? మీరైతే ఏం చేసేవారు?

ఇలా చేయండి

ఈ వేసవిలో మీ ఇంట్లోని లేదా పొరుగింటి పిల్లవాడినో, పిల్లనో రోజూ అరగంట పక్కన కూర్చోబెట్టుకోండి. వారికి నచ్చిన కథల పుస్తకం ఒకటి పైకి చదివించండి. ఒక పేజీ వారు, ఒక పేజీ మీరు. మీకు రాని మాటను వారినే అడగండి. ఇద్దరి చదువూ సాగుతుంది.