డెన్నిస్ రిచీ, ఒక చిన్న బిట్టు

సి ల్యాబ్‌లో అడుగుపెట్టిన ప్రతివాడికీ డెన్నిస్ రిచీ పేరు తెలుసు. సి భాష కనిపెట్టాడు, రెండు మార్కులు, అయిపోయింది. నాకు మాత్రం ఆయన దగ్గరైంది ఫైల్ పర్మిషన్ల వల్ల.

1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టాడు. నాన్న బెల్ ల్యాబ్స్ ఉద్యోగి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, తర్వాత గణితం వైపు వెళ్ళి థీసిస్ కూడా రాశాడు, కానీ డాక్టరేట్ పట్టా పుచ్చుకోలేదు. ఈ ముక్క మన సీనియర్లకి చెబితే నమ్మరు! 1967లో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. 1969లో కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్ మొదలైంది, 1973లో దాన్ని సిలో తిరగరాశారు.

ఒకే మిషను మీద పదిమంది పనిచేసేవాళ్ళు. అందుకని ఫైలు ఎవరు చదవాలి, ఎవరు రాయాలి, ఎవరు నడపాలి అని హద్దులు పెట్టారు. ఇక్కడో చిక్కు. పాస్‌వర్డ్‌ల ఫైల్లో రాసే హక్కు రూట్‌కే ఉంది, మరి నా పాస్‌వర్డ్ నేను మార్చుకునేదెట్లా? రిచీ ఒక్క బిట్టుతో తేల్చేశాడు. దాని పేరు సెట్‌యూఐడీ. మన గుంటూరు కోల్డ్ స్టోరేజీ సంగతే చూడండి. రైతు ఛాంబర్లోకి పోడు. రసీదు ఇస్తే ముఠా కూలీ యజమాని అనుమతితో లోపలికెళ్ళి ఆ రైతు టిక్కీలే తెస్తాడు. ఈ బిట్టు ఉన్న ప్రోగ్రామూ అంతే, ఎవరు నడిపినా దాని యజమాని హక్కుతో నడుస్తుంది, అప్పజెప్పిన పనే చేస్తుంది. దీనికి 1979లో పేటెంట్ వచ్చింది, తర్వాత అందరికీ వదిలేశారు.

విండోస్‌ది వేరే దారి. 1993లో ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకీ ఎవరికేం హక్కుందో ఒక జాబితా ఉంటుంది, అదీ పేర్లతో కాదు, పొడవాటి నెంబర్లతో. లినక్స్‌కి ఆ నెంబర్ల మనుషులు తెలియరు. అందుకే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ మామూలుగా ఆ జాబితాని పక్కనపెట్టి అన్నీ అందరికీ తెరిచి చూపిస్తుంది. జాబితా పాటించాలంటే పర్మిషన్స్ ఆప్షన్ ఇచ్చి, ఏ నెంబరు ఏ లినక్స్ యూజరో మ్యాపింగ్ ఫైల్లో రాయాలి.

మా రూమ్మేట్ వాళ్ళ నాన్నగారి లాప్‌టాప్‌లో విండోస్ లేవడం మానేసినప్పుడు ఇదే మమ్మల్ని కాపాడింది. మిర్చి లెక్కలు, కౌలు లెక్కలు అన్నీ అందులోనే. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించి, డిస్కుని చదవడానికి మాత్రమే తెరిచాం. హిడెన్, సిస్టమ్ గుర్తులున్న ఫైళ్ళూ కనిపించాయి, ఎందుకంటే లినక్స్‌లో పేరు ముందు చుక్క ఉంటేనే దాచినట్టు. ఫైళ్ళు దొరికినా అంకుల్ ముఖం చిన్నబోయింది, పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఇంత తేలిగ్గా తెరుచుకుందేంటని. విండోస్ నడుస్తున్నంతసేపే ఆ జాబితాకి కాపలా. డిస్కు పరాయి చేతిలో పడితే రిచీ బిట్లదీ అదే గతి, ఎన్‌క్రిప్షన్ ఒక్కటే అడ్డు.

ఆ విండోస్ కెర్నెల్లో ఎక్కువ భాగమూ, మేం వాడిన డ్రైవరూ సిలో రాసినవే.

1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. 2007లో రిటైరయ్యాడు. ఒంటరిగా ఉండేవాడు. 2011 అక్టోబర్ 12న న్యూజెర్సీలోని ఇంట్లో చనిపోయి ఉండగా చూశారు. అంతకు వారం ముందే స్టీవ్ జాబ్స్ పోయాడు, పేపర్లన్నీ ఆయన గురించే. ఐఫోన్ లోపల ఉన్నది కూడా యూనిక్స్ వంశమే.