ప్యాట్రన్ మేకరు పాల్ బిగ్స్‌బీ

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, వాగ్గేయకారుల గురించి నాకంటె బాగా వ్రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నాకు తెలిసిన పనికి దగ్గరైన మనిషిని ఎంచుకున్నాను. నేను ఉద్యోగకాలమంతా ప్యాట్రన్ షాపులో గడిపినవాణ్ణి. పాల్ బిగ్స్‌బీ కూడ ప్యాట్రన్ మేకరే. గిటారు వాయించేవారిలో ఆయన పేరు వినని వారు అరుదు. అయితే ఆ పేరు నిలిచింది ఒక పరికరం మీద, ఆయన చేసిన పెద్ద మేలు దాగి ఉన్నది మరొక వాద్యంలో. ఆ రెండవ సంగతే ఇక్కడ ముఖ్యంగా చెబుతాను.

బిగ్స్‌బీ 1899లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించారు. తరువాత కాలిఫోర్నియా చేరి లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో స్థిరపడ్డారు. మోటారు సైకిలు పందేలలో పాల్గొనేవారు. 1930 దశకంలో ఆల్బర్ట్ క్రాకర్ నడిపిన మోటారు సైకిళ్ల కర్మాగారంలో పర్యవేక్షకులుగా పనిచేశారు. 1936లో వెలువడిన క్రాకర్ రెండు సిలిండర్ల బండి తయారీలో ఆయన పాత్ర ఉంది. ఆ బండ్లకు ఈనాటికీ సేకర్తలలో ఎంతో గిరాకీ. కొయ్యలో ప్యాట్రన్ చెక్కడం, అల్యూమినియం పోత పోయడం, మిషను మీద మెరుగు దిద్దడం, ఈ మూడూ తెలిసిన మనిషి ఆయన.

ఇక వాద్యం సంగతి. హిందీ సినిమా పాటలను హవాయి గిటారు మీద వాయిస్తుండగా మనలో చాలామంది రేడియోలో విన్నాం. గిటారును పడుకోబెట్టి, తీగలపై ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే పద్ధతి అది. హవాయి దీవులకు చెందిన జోసెఫ్ కెకుకు బాల్యంలో రైలు పట్టాల వద్ద దొరికిన బోల్టుతో ఈ పద్ధతి కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. కడ్డీ తిన్నగా ఉంటుంది గనుక అన్ని తీగలూ కలసి ఒకేసారి పైకీ కిందికీ పోతాయి. ఒక తీగ నిలిచి మరొకటి కదలడం కష్టం. వేరే స్వరమేళం కావాలంటే వేరే శ్రుతి కట్టిన మరో తీగల వరుస ఉండాలి. అందుకే ఒకే వాద్యానికి రెండు, మూడు వరుసలు అమర్చుకునేవారు. కాలితో పెడల్ తొక్కి శ్రుతి మార్చే ప్రయత్నాలు బిగ్స్‌బీకి ముందే జరిగాయి. గిబ్సన్ సంస్థ 1940 ప్రాంతంలో ఎలెక్ట్రాహార్ప్ అనే వాద్యం తెచ్చింది. దానిలో పెడళ్లు ఒక కాలి దగ్గర గుంపుగా ఉండేవి.

బిగ్స్‌బీ స్టీల్ గిటార్ల తయారీలోకి దిగినది రెండవ ప్రపంచయుద్ధం తరువాత. వాకీన్ మర్ఫీ అనే పేరుపొందిన వాద్యకారునికి ఒకటి చేసి ఇచ్చారు. 1948లో స్పీడీ వెస్ట్ కోసం మూడు తీగల వరుసలు, నాలుగు పెడళ్లు గల వాద్యం తయారు చేశారు. ముందరి రెండు కాళ్ల మధ్య అడ్డంగా ఒక పట్టీ వేసి, పెడళ్లన్నీ దానిపై వరుసగా నిలిపారు. పెడల్ తొక్కితే నిలువు కడ్డీ ద్వారా లాగుడు పైకి అంది, తీగ చివరనున్న మీట కదిలి, తీగ బిగిసి స్వరం హెచ్చుతుంది. వదిలితే యథాస్థానానికి వస్తుంది. చూడడానికి మామూలు అమరికే గాని, వచ్చిన తీగ ప్రతిసారీ అదే శ్రుతికి రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చెవికి దొరికిపోతుంది. ఫిట్టింగు పని చేసిన మిత్రులకు ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు. పెడళ్లను ఇలా వరుసగా పెట్టే పద్ధతే తరువాత అందరికీ ప్రమాణమైంది.

ఆయన చేసిన వాద్యం ఒకటి బడ్ ఐజాక్స్‌కు చేరింది. 1953 చివర వెబ్ పియర్స్ పాడిన స్లోలీ అనే పాటకు ఐజాక్స్ వాయించారు. అప్పటివరకు పెడల్ ముఖ్యంగా ఒక శ్రుతి నుంచి మరొక శ్రుతికి మారడానికే. ఐజాక్స్ మాత్రం తీగలు మ్రోగుతుండగానే తొక్కారు. మన లెక్కలో చెప్పాలంటే స, గ, ప కలసి మ్రోగుతుండగా సషడ్జం కదలకుండా నిలిచింది, గాంధారం మధ్యమానికి, పంచమం ధైవతానికి జారాయి. మన జారు గమకం వంటిదే, కాని నిలిచిన స్వరం పక్కనే జరుగుతుంది. ఆ పాట 1954లో అమెరికా కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అది విన్న వాద్యకారులు ఎందరో తమ పాత గిటార్లకే కడ్డీలు, పెడళ్లు తగిలించుకున్నారు.

అక్కడితో ఆగలేదు. ఐజాక్స్ ఒక్క పెడల్‌తో చేసిన మార్పును బడ్డీ ఎమన్స్, జిమ్మీ డే రెండు పెడళ్లకు విడదీశారు. అప్పుడు గాంధారం ఒక్కటే గాని, పంచమం ఒక్కటే గాని కదిలించే వీలు కలిగింది. 1962లో ఎమన్స్ మరి రెండు తీగలు చేర్చారు. ఆ తరువాత మోకాలితో పక్కకు నెట్టే మీటలు వాడుకలోకి వచ్చాయి. వాటితో స్వరాన్ని హెచ్చించడమే గాక తగ్గించడమూ అలవాటైంది. నేడు సాధారణంగా పది తీగలు, మూడు పెడళ్లు, నాలుగైదు మోకాలి మీటలు ఉంటాయి.

ఇంతలో బిగ్స్‌బీ దారి మారింది. గాయకుడు మెర్ల్ ట్రావిస్ గిటారులో స్వరం ఊపే మీట శ్రుతి నిలుపుకోలేకపోతుంటే, బాగుచేయడానికి బదులు బిగ్స్‌బీ కొత్తది తయారు చేశారు. ట్రావిస్ గీసిచ్చిన బొమ్మ ప్రకారం 1948లో ఒక గిటారు కూడ చేశారు. అది నాష్‌విల్‌లోని కంట్రీ సంగీత మ్యూజియంలో ఉంది. ఒక్కొక్క వాద్యం చేతితో చేయడం వల్ల ఆర్డర్లు పేరుకుపోయేవి. మీటకు గిరాకీ పెరగగా, గిబ్సన్, గ్రెట్ష్ వంటి సంస్థలు తమ గిటార్లకు దానినే బిగించగా, ఆయన వాద్యాల తయారీ తగ్గించి మీటలపైనే దృష్టి నిలిపారు. 1960 దశకం మధ్యలో తన వ్యాపారాన్ని గిబ్సన్ మాజీ అధ్యక్షుడు టెడ్ మెకార్టీకి అమ్మారు. 1968లో కన్నుమూశారు.

నేడు ఆ అల్యూమినియం మీటపై బిగ్స్‌బీ పేరు పోతలోనే కనిపిస్తుంది. పెడల్ స్టీల్ గిటార్లు ఇతరులు చేస్తున్నారు, వాటి మీద వేరే పేర్లుంటాయి. ఆయనకు అన్యాయం జరిగిందని నేను అనను. ఆయన పెడల్ అమర్చినది ఒక ఉపయోగానికి, ఐజాక్స్ తీసుకున్నది వేరొక ఉపయోగం, ఎమన్స్ దానిని ఇంకొంత ముందుకు నడిపారు. కాని ఆ మొదటి పనిలో నిక్కచ్చి లేకపోతే తీగ మ్రోగుతుండగా తొక్కే ధైర్యం ఎవరికీ వచ్చేది కాదు. మన షాపులోనూ అంతే. పోత పోసిన భాగం బండి ఎక్కి దేశమంతా తిరిగేది, ప్యాట్రన్ మాత్రం నంబరు వేసుకొని స్టోర్సు అరలో ఉండిపోయేది. మళ్లీ అదే భాగం కావలసి వచ్చినప్పుడు దానినే వెతుక్కుంటూ వచ్చేవారు.