రేవులో ఎదురుచూచిన స్త్రీ: కెరోలిన్ చిజమ్ జీవితం

1841లో సిడ్నీ రేవుకు వలసవారి ఓడ వచ్చిన ప్రతిసారీ అక్కడ ఒక స్త్రీ ఎదురుచూస్తూ ఉండేది. ఆ ఓడలో ఆమెకు బంధువులెవరూ లేరు. దిక్కులేక దిగే యువతుల కోసమే ఆమె వచ్చేది. ఆమె పేరు కెరోలిన్ చిజమ్. ఆమె తెలుగువారి ఆడపడుచు కాదు. అయినా ఆమె జీవితకథ మన పూర్వీకులు ఓడలెక్కిన మద్రాసు మీదుగానే సాగింది.

కెరోలిన్ 1808 మే 30న ఇంగ్లండులోని నార్తాంప్టన్ ప్రాంతంలో జన్మించింది. 1830లో ఆర్చిబాల్డ్ చిజమ్ అనే సైనికాధికారి ఆమెను వివాహమాడగోరాడు. తాను చేయదలచిన పరోపకార కార్యాలకు అడ్డు చెప్పరాదని ఆమె షరతు పెట్టింది. అతడు అంగీకరించాడు; ఆ మాట నిలుపుకొన్నాడు కూడా.

ఆర్చిబాల్డ్ ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో పనిచేసేవాడు. తెలుగు సిపాయిలు ఎందరో ఉన్న సైన్యమది. మద్రాసులో నివసించిన కాలంలో కెరోలిన్ ఐరోపా సైనికుల కుమార్తెల దుస్థితి చూచి, వారి కోసం ఒక పాఠశాల స్థాపించింది. అక్కడ చదువుతోపాటు వంట, గృహనిర్వహణ, రోగుల పరిచర్య నేర్పేవారు. ఒకనాటి అన్నంతో సరిపెట్టక, అన్నం సంపాదించుకొనే విద్యను కూడా ఇవ్వడం ఆమె పద్ధతి.

1838లో ఆ కుటుంబం ఆస్ట్రేలియాకు వచ్చి, సిడ్నీ సమీపంలోని విండ్సర్‌లో కాపురం పెట్టింది. 1840లో భర్త తిరిగి ఉద్యోగానికి వెళ్లగా, ఆమె పిల్లలతో అక్కడే ఉండిపోయింది. ఆ రోజులలో బ్రిటన్, ఐర్లండ్‌ల నుండి వచ్చిన పేద యువతులకు పని దొరకకపోతే నిలువ నీడ ఉండేది కాదు. వారిని వంచించేవారు రేవులోనే పొంచి ఉండేవారు. కెరోలిన్ మొదట కొందరిని తన యింటికే తీసుకొనిపోయింది. ఇల్లు చాలలేదు. అప్పుడు గవర్నరు గిప్స్‌ను ఆశ్రయించి, పట్టు విడువక అడిగి, వలసవారి పాత వసతిగృహంలో కొంత భాగం సంపాదించింది. అది ఎలుకల నిలయం. అయినా మొదటి రాత్రి ఆమె ఒంటరిగా అక్కడే గడిపింది. చుట్టుముట్టిన ఎలుకలకు రొట్టె, నీరు పెట్టి మేలుకొని కూర్చుంది.

ఆశ్రయం మాత్రమే చాలదని ఆమె ఎరుగును. నగరంలో పనులు లేవు. పల్లెలలో పనివారు లేరు. కనుక యువతులను బండ్లపై ఎక్కించి, తాను కెప్టెన్ అనే తెల్ల గుర్రంపై వారి వెంట దూరప్రాంతాలకు పోయి, తగిన యిండ్లలో పనికి కుదిర్చింది. యజమానులు మాట తప్పకుండా ఒప్పందం కాగితంపై వ్రాయించింది. పని కుదిర్చినందుకు రుసుము పుచ్చుకోలేదు. 1846లో ఇంగ్లండుకు వెళ్లేనాటికి సుమారు 11,000 మందికి ఆమె మూలంగా బ్రతుకుదెరువు దొరికింది.

1849లో ఆమె లండనులో ఒక ఋణసంఘం నెలకొల్పింది. వలసపోదలచిన కుటుంబం ఖర్చులో కొంత తానే కూడబెట్టుకొనేది. తక్కువ పడిన సొమ్ము సంఘం అప్పుగా ఇచ్చేది. ఆస్ట్రేలియాలో సంపాదించి ఆ అప్పు తీర్చేవారు. 1854లో మరల ఆస్ట్రేలియాకు వచ్చిన తరువాత, విక్టోరియా బంగారు గనులకు నడిచిపోయే కుటుంబాల కోసం దారి పొడవునా రాత్రి బస చేసే పాకలు కట్టించడానికి పూనుకొంది.

ఇంత చేసినా ఆమెకు సంపద కలుగలేదు. అనారోగ్యం, ధనలోపం కడదాకా వెంటాడాయి. 1877 మార్చి 25న ఆమె ఇంగ్లండులో మరణించింది. ఆమె చిత్రం 1967 నుండి పాతికేండ్లపాటు ఆస్ట్రేలియా అయిదు డాలర్ల నోటుపై నిలిచింది.

ఆమె దాతృత్వానికి ఎల్లలు లేకపోలేదు. ఆమె చేయి అందినది ప్రధానంగా బ్రిటిషు దీవుల పేదలకు. వారు స్థిరపడిన నేల ఆదిమవాసులది. ఇక 1903 నుండి మద్రాసులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు చేరిన మన పూర్వీకుల కోసం రేవులో ఎవరూ ఎదురుచూడలేదు. ఆ తోటలను ఏలిన ప్రధాన కంపెనీ సిడ్నీదే. కెరోలిన్ వ్రాయించిన ఒప్పందం పనిచేసేవారికి రక్షణ. మనవారు వేలిముద్ర వేసిన ఒప్పందం వారిని అయిదేండ్లు కట్టివేసిన సంకెల. ఆ అగ్రిమెంటే వారి నోట గిర్మిట్ అయింది. అటువంటి స్థితిలో ఓడలో పరిచయమైనవారే జహాజీ భాయిలై, ఒకరికొకరు బంధువులయ్యారు.

కెరోలిన్ పంచినది ధనం కాదు. అది ఆమె వద్ద లేదు. తన యింటిలోని చోటు, తనకు తెలిసిన దారి, అధికారుల వద్ద తనకున్న మాట చెల్లుబడి, వీటినే ఆమె పంచింది. నేడు ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చేవారికి దారి తెలిసినవారము మనమే.