చుక్కల లోగిలికి 185 ఏళ్లు

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత ఆవరణలో వేధశాల కట్టించింది 1840లో. 2025తో దానికి 185 ఏళ్లు నిండాయి.

జగ్గారావు గారు జమీందారీ కుటుంబీకులు. దర్జాగా కాలక్షేపం చేసినా అడిగేవారు లేరు. అలాంటిది పడుచు వయసులో మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధిపతి టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగొచ్చి సొంత సొమ్ముతో 4.8 అంగుళాల దూరదర్శిని నెలకొల్పారు. నేర్చిన విద్యను ఊరి అక్కరకూ తెచ్చారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా కొయ్య ద్వారా ఓడలకు వేళ తెలిపే ఏర్పాటు ఈ వేధశాల చలవే. నడిసముద్రంలో తానెక్కడున్నాడో తేల్చుకోవాలంటే నావికుడి గడియారం తప్పకూడదు మరి!

1856లో ఆయన కన్నుమూశాక, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు వేధశాల బాధ్యత తలకెత్తుకున్నారు. 1868లో బుధ సంక్రమణాన్ని (బుధుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని) పరిశీలించారు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా ఎన్నుకుంది. ఇక 1874 డిసెంబరు 9 శుక్ర సంక్రమణం సంగతి. ఆ ఉదయం సూర్యబింబం అంచున చిన్న నల్లచుక్క కనబడి, నాలుగు గంటలకు పైగా అడ్డంగా జరుగుతూ పోయింది. చుక్క బింబాన్ని తాకిన క్షణం, వదిలిన క్షణం గడియారం చూసి రాసుకోవాలి. దూరదూరంగా ఉన్న ఊళ్లలో రాసిన ఆ వేళల తేడాలను బట్టే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం లెక్కగట్టేవారు. లోకమంతా పూనుకున్న ఆ లెక్కలో మన విశాఖ అంకె కూడా ఉంది. 1892లో నరసింగరావు గారు పోయాక, ఆయన సతీమణి అచ్చయ్యమ్మ గారు వేధశాలను కాపాడారు. 1894లో అది ప్రభుత్వానికి అప్పగింతైంది. మామ తర్వాత అల్లుడు, ఆయన తర్వాత ఇల్లాలు: ఇష్టం ఉన్నవాళ్ల చేతుల మీదుగానే అన్నేళ్లూ ఈ విద్య నిలిచింది.

నేడు నగరంలో దీపాల వెలుగు చుక్కల్ని మింగేస్తోంది. అందుకే చుక్కలు చూడాలనుకునేవారికి అనంతగిరి ఘాటు దాటి అరకు పోవడమే మేలు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, వానలు వెనకపట్టాక కడిగినట్టుండే ఆకాశం. ఒక్కటే చిక్కు: తెల్లవారుజామున లోయంతా మంచు కమ్మేస్తుంది. పాలపుంతైనా, పిల్లలకోడి, గొల్లకావడి వంటి చుక్కల గుంపులైనా మంచు దిగకముందే చూసుకోవాలి. పిల్లలకోడి ఎక్కడికొచ్చిందో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పే పెద్దలు పల్లెల్లో ఉంటారు. బైనాక్యులర్లు భుజాన వేసుకొచ్చే పట్నం కుర్రాళ్లు వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే ఇద్దరికీ లాభమే.

వేడుకంటే దండలూ ఉపన్యాసాలే కానక్కర్లేదు. 2032 నవంబరు 13, శనివారం, మధ్యాహ్నం 12 దాటాక బుధుడు సూర్యబింబం మీదుగా ప్రయాణం మొదలుపెడతాడు. సాయంత్రం నాలుగున్నర దాకా మన దేశంలో చూడవచ్చు. బుధుడు మరీ చిన్న చుక్క, కంటికి ఆనడు. సౌర ఫిల్టరు బిగించిన దూరదర్శిని కావాలి. ఆనాటికి అరకు, అనంతగిరి, పాడేరు ఆశ్రమ పాఠశాలల్లో ఒక్కో దూరదర్శిని ఉంటే, కొండ పిల్లలే ఆ వేళలు రాసి పెడతారు. జగ్గారావు గారికి అంతకన్న పెద్ద సన్మానం లేదు.